తప్పు చెప్పిన టేపు

ఆదివారం పొద్దున కొట్టు ఖాళీ చేసేటప్పుడు అక్కడ ఉన్నది ముగ్గురం: జేజి, మా చెల్లెలు, నేను. ఉన్న వస్తువులు: తొక్కుడు మిషను, బొగ్గుల ఇస్త్రీ పెట్టె, కత్తెరలు రెండు (ఒకటి గుడ్డకు, ఒకటి కాగితానికి, మార్చి వాడితే తిట్లు తినాలి), గుండీల డబ్బా, పిల్లలు ఎక్కి నిలబడే పొట్టి స్టూలు, ఎవరిదో ఒంటి చెయ్యి కుట్టిన చొక్కా, గోడ మేకుకు వేలాడుతున్న టేపులు రెండు. ఒకటి పసుపుది, ఒకటి తెల్లది. లేనిది టైలరు తాత ఒక్కడే. ఆయన పోయి నెల దాటింది.

జేజి ఆయన భార్య. మాకు చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళు ముస్లిములు, మేము కాదు. కంబదూరు దగ్గర మా ఊరిలో ఇలాంటి వరసలు పిల్లలు పెట్టేవి, పెద్దవాళ్ళు ఒప్పుకునేవి. కొట్టు బస్సు ఆగే చోట ఉంది. గది యజమాని దాన్ని సెల్‌ఫోన్ల అంగడికి మాట్లాడుకున్నాడు. అందుకని సామాను ఇంటికి చేర్చడానికి నేను హిందూపురం నుంచి, చెల్లెలు అనంతపురంలో తను చదివే కాలేజీ నుంచి వచ్చాం.

జేజి పసుపు టేపును మేకు నుంచి తీసి నా చేతికిచ్చింది. "దీన్ని పారెయ్ నాయనా. ఇది దొంగ టేపు. మీ తాత ఉన్నన్నాళ్ళూ దీన్ని తిట్టినాడు," అంది. మా చెల్లెలు నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడింది. నేను పారేయలేదు. ఫ్యాక్టరీలో కొలిచే పరికరాలను సరిచూడటం నా ఉద్యోగం. పరీక్ష పెట్టకుండా ఒక టేపును దొంగ అనడం నాకు చేతకాదు. మడిచి జేబులో పెట్టుకున్నాను.

టైలరు తాత అనగానే నాకు మొదట గుర్తొచ్చేది ఆయన నోరు. పెదవుల మధ్య ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు ఉండేవి. వాటితోనే మాట్లాడేవాడు, నవ్వేవాడు, బస్సు కండక్టరుతో పోట్లాడేవాడు. ఒక్కటీ కింద పడేది కాదు. మాట అర్థం కాకపోతే తప్పు విన్నవాడిది. టీ వచ్చినప్పుడు మాత్రం సూదులన్నీ తీసి చొక్కా జేబు అంచుకు వరసగా గుచ్చుకునేవాడు. టీ తప్ప మరే కారణానికీ అవి నోట్లోంచి బయటికి రావడం మేము చూడలేదు.

తరవాత గొంతు. ఆయన కొలతలు రాసుకునేవాడు కాదు. ఛాతీ, నడుము, పొడుగు, ఒక్కొక్కటి కొలిచి గట్టిగా అరిచేవాడు. అరిస్తే తలలో నిలబడుతుందట. అందువల్ల మా ఊరిలో ఎవరి నడుము ఎంతో బస్సుకు నిలుచున్నవాళ్ళందరికీ తెలుసు. ఆడవాళ్ళ జాకెట్ల కొలతలు జేజి తీసి ఆయన చెవిలో చెప్పేది. అరిచే అలవాటులో దాన్నీ అరుస్తాడేమోనని, చెప్పిన వెంటనే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. ఆ సూదులు ఆమెకు ఎన్నిసార్లు గుచ్చుకున్నాయో.

పెద్దవాళ్ళ బట్టలు ఏనాడూ చెప్పిన రోజుకు ఇవ్వలేదు. అడిగితే మెడపట్టీ ఒక్కటి తీసి చూపించి, కష్టమంతా ఇందులోనే ఉంది, మిగిలింది ఎంతసేపు అనేవాడు. ఒక పెళ్ళికొడుకు ఆయన్ను నమ్ముకుని బావమరిది చొక్కాతో తాళి కట్టాడు. ఆ ఒంటి చెయ్యి చొక్కా అతనిదే కావచ్చని జేజి అనుమానం.

బడిపిల్లల బట్టలు మాత్రం ఆలస్యమయ్యేవి కావు. ఏప్రిల్‌లో బడి మూసేముందు యూనిఫారం గుడ్డ వచ్చేది. అందరం వరసగా స్టూలు ఎక్కి కొలతలిచ్చేవాళ్ళం. సెలవులంతా కుట్టి, జూన్‌లో బడి తెరిచేనాటికి ఇచ్చేవాడు. వాటికి ఆయనదొక పద్ధతి ఉంది. నిక్కరైనా స్కర్టయినా కింద అంచులో రెండు మడతలు ఎక్కువ పెట్టి లోపలికి కుట్టేవాడు. మా ఊరి పిల్లలు ప్రతి ఒక్కరూ ఆరడుగులు పెరుగుతారని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఊరిలో ఎక్కడా లేదు. ఆయన కూడా పొట్టివాడే. ఎవరైనా ఎగతాళి చేస్తే, "నేను కుట్టేది ఈపొద్దు పిల్లోనికి గాదప్పా, వచ్చే ఉగాది పిల్లోనికి," అనేవాడు.

పిల్లలు పొడుగైతే మడత విప్పడం ఒక వేడుక. పిల్లనో పిల్లవాణ్ణో స్టూలెక్కించి, ఫలానా వాళ్ళ బిడ్డకు మడత విప్పుతున్నామని బస్సుస్టాపుకు వినబడేలా చాటేవాడు. బ్లేడుతో కుట్టు తెంపి, ఊడిన దారాన్ని ఆ బిడ్డ మణికట్టుకు చుట్టేవాడు. మడతలో దాగిన గుడ్డ ఎండ చూడలేదు కాబట్టి వెలిసిన స్కర్టు కింద ముదురు నీలం పట్టీ ఒకటి బయటపడేది. అది మెడలో పతకం లాంటిది. పట్టీ వచ్చిన పిల్లలు బడిలో నడిచే తీరే మారిపోయేది.

మా చెల్లెలికి ఆ పట్టీ రాలేదు. ఒకటో తరగతిలో రాలేదు, రెండులో రాలేదు. నెలకొకసారి పోయి స్టూలెక్కేది. ఆయన కొలిచి, దిగమనేవాడు. తను దిగేది కాదు. ఎట్లాగూ గుడ్డ ఉంది, విప్పితే నీదేం పోతుంది తాతా అని పేచీ పెట్టేది. "పెరగాల్సింది స్కర్టు గాదే బుడ్డమ్మా, నువ్వు," అనేవాడు. బుడ్డమ్మ అంటే తనకు ఒళ్ళు మంట. "నువ్వేమన్నా కొబ్బరిచెట్టా?" అని అడిగి మరీ దిగేది.

ఇంట్లో సంగతి ఇది. శెనక్కాయ పంట వరసగా ఎండిపోయాక నాయన బెంగళూరుకు సెంట్రింగు పనికి పోయాడు. అమ్మ ఇక్కడే కూలికి పోయేది. పొద్దున సంగటి, మళ్ళీ పొద్దు గూకినాక సంగటి. మధ్యాహ్నం బడిలో అన్నం, గుడ్డు. ఒకసారి బడికి వచ్చిన నర్సమ్మ చెల్లెలిని గోడకు నిలబెట్టి చూసి, వయసుకు తగ్గ ఎత్తు లేదని అమ్మకు చెప్పింది. ఈ నాలుగైదేళ్ళలో పెరగకపోతే ఆ తరవాత ఎంత తిన్నా పెద్దగా ఎత్తు రాదని కూడా చెప్పింది. ఆ మాట ఎవరితోనూ అనొద్దని అమ్మ మా ఇద్దరికీ గట్టిగా చెప్పింది. చెల్లెలికి పూర్తిగా అర్థం కాలేదు గానీ, నీలం పట్టీ రాకపోతే ఎప్పటికీ బుడ్డమ్మగానే ఉండిపోతానని మాత్రం అర్థమైంది. నా సంగతి అప్పటికే సగం తేలిపోయింది. నా నిక్కర్ల మడతలు చాలావరకు మడతల్లోనే చిరిగిపోయాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు కొలిస్తే అరవై రెండు అంగుళాలు వచ్చాను.

ఇక టేపు సంగతి. చెల్లెలు మూడో తరగతికి వచ్చిన జూన్ అది. దానికి ముందు ఏడు పంట గింజ కూడా చేతికి రాలేదు. బడి తెరిచిన పొద్దున కొత్త బట్టలు తొడుక్కుని ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరం ప్రార్థనకు నిలబడ్డాం. నిక్కర్లు జారిపోతున్నాయి. పొడుగులు సరిగ్గానే ఉన్నాయి, నడుములే వదులు. ఒక చెయ్యి పుస్తకాల సంచికి, ఒక చెయ్యి నడుముకు. ప్రతిజ్ఞకు చెయ్యి ముందుకు చాపమంటే ఒక్కరూ చాపలేదు. అయివారు కోప్పడితే ముందు వరసవాడు భయపడి చాపాడు. తరవాత జరిగింది వాడు ఇప్పటికీ ఒప్పుకోడు.

అయివారు టైలరు తాతను పిలిపించారు. ఆయన వచ్చి ఒక్కొక్కరి నడుము పట్టుకు చూసి, ఏప్రిల్‌లో తాను అరిచిన అంకెలన్నీ మళ్ళీ అరిచాడు. ఒక్కటీ మరచిపోలేదు. కాబట్టి తప్పు తనది కాదు, టేపుది. ఎండలకు టేపు సాగింది, సాగిన టేపుతో కత్తిరిస్తే గుడ్డ ఎక్కువ పడింది అని తేల్చాడు. టేపు సాగితే పొడుగులు కూడా పెరగాలి కదా అని ఇప్పుడు నాకు తడుతుంది. అప్పుడు ఎవరికీ తట్టలేదు. మరుసటి రోజే పసుపు టేపు తీసుకుని కళ్యాణదుర్గం పోయి, అమ్మినవాడితో జగడమాడి, తెల్లది కొనుక్కొచ్చాడు.

మరుసటి ఏడు తెల్ల టేపుకు మర్యాదలు జరిగాయి. సెలవుల్లో కుట్టుపని లేని వేళల్లో దాన్ని తడిగుడ్డలో చుట్టి నీళ్ళకుండ పక్కన పెట్టేవాడు. కట్టుకున్నదానికి లేని చల్లదనం టేపుకు దొరికిందని జేజి వీధిలో చెప్పుకుంది. అయినా జూన్‌లో నిక్కర్లు మళ్ళీ జారాయి.

ఆ సాయంత్రం నేను, చెల్లెలు కొట్టులోనే ఉన్నాం. ఆయన రెండు టేపులనూ మిషను బల్ల మీద పక్కపక్కన పరిచి అంకెకు అంకె ఆనించి చూశాడు. రెండూ కలిశాయి. కలిసినందుకు ఇంకా కోపం వచ్చింది. ఇద్దరు దొంగలూ మాట్లాడుకుని వచ్చినట్టున్నారు అన్నాడు. చెల్లెలు స్టూలు మీద కాళ్ళూపుకుంటూ కూర్చుని ఉంది.

"టేపుది గాదు తాతా. సెలవుల్లో గుడ్డు ఉండదు గదా," అంది.

"ఏం గుడ్డే?"

"బళ్ళో గుడ్డు. బళ్ళో అన్నం. బడి లేకుంటే అది లేదు. నడుము లోపలికి పోతాది."

"సెలవుల్లో మధ్యాన్నం ఏం తింటారు మరి?"

"చింతపిక్కలు ఏంచుకుని తింటాం. నీళ్ళు తాగుతాం. ఆడుకుంటాం."

ఎక్కం అప్పజెప్పినట్టు హుషారుగా చెప్పింది. టీ రాలేదు. అయినా ఆయన నోట్లోంచి సూదులన్నీ తీసి జేబు అంచుకు గుచ్చుకున్నాడు. టేపు తీసుకుని చెల్లెలి నడుము కొలిచాడు. అంకె అరవలేదు. పక్కనే ఉన్న నాకు కూడా వినబడలేదు.

తరవాతి ఏప్రిల్‌లో కొలతల రోజు ఆయన బస్సుస్టాపులో కొత్త కట్టడి చాటాడు. టేపుల మీద తనకు నమ్మకం పోయింది. ఇకనుంచి సెలవుల్లో ప్రతి మధ్యాహ్నం పిల్లలు కొట్టుకు రావాలి, సగం కుట్టినవి తొడిగి చూపించాలి. వచ్చినవాళ్ళు ముందు తినాలి. కడుపు నిండాకే కొలత, ఖాళీ కడుపు మీద తీసిన కొలత చెల్లదు. ఊరంతా టైలరుకు టేపు పిచ్చి పట్టిందని నవ్వుకున్నారు.

పిచ్చి ఖర్చు జేజి మీద పడింది. ఆమె కోళ్ళు పెట్టిన గుడ్లు, వాళ్ళ రాగులు, పప్పు. పెద్ద తట్టలో సంగటి ముద్దలు పెట్టి మధ్యలో పప్పు పోసేది. వాళ్ళ ఇంట్లో ఒకే తట్ట చుట్టూ కూర్చుని తినడం అలవాటు, మాకూ అదే నేర్పారు. ఎదుటివాడి వైపు చెయ్యి పోతే తాత కర్రస్కేలుతో చేతి మీద చిన్నగా తట్టేవాడు. ఎంత తిన్నామో కూడా అరిచేవాడు. "బుడ్డమ్మ ఒకటిన్నర ముద్ద!" అంటే బస్సు దిగినవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు.

అలా అరిచిందే మా అమ్మ చెవిన పడింది. పనినుంచి వస్తూ చేతిలో పారతోనే కొట్టు ముందు నిలబడింది.

"ఏం మామా, మా ఇంట్లో పొయ్యి వెలగలేదని బస్టాండులో చాటింపు ఏస్తాండావా? నా బిడ్డకు నేను పెట్టుకోలేనా?"

చెల్లెలి చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. ఆ రోజు అమ్మ తట్ట ముందు నుంచి లేపి తీసుకుపోతే మళ్ళీ పంపదని మా ఇద్దరికీ తెలుసు. తాత మిషను తొక్కుడు ఆపలేదు.

"నీ బిడ్డకు ఎవురు పెడతాండారమ్మా? నేను నా కొలతకు పెడతాండా. మళ్ళా జూన్‌లో నిక్కర్లు జారితే అయివారు అందరి ముందర నిలబెట్టేది నిన్నా నన్నా? ముప్పై ఏండ్లు కుట్టినోని పరువు ఏం గావాల?"

అమ్మ పారను గోడకు ఆనించింది. తరవాత తట్టలోకి వంగి పప్పు ఒక వేలితో నాకి చూసింది. "దీంట్లో ఉప్పు యాడుండాది? ఇట్లాంటిది పెడితే నీ కొలత యాడ నిలబడతాది?" అని పార భుజాన వేసుకుని పోయింది. జేజికి ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. మరుసటి మధ్యాహ్నం అమ్మ పొద్దునే నూరి పెట్టిన శెనక్కాయల ఊరిబిండి పచ్చడి గిన్నెతో చెల్లెలిని పంపింది. అది చూసి ఇంకొకావిడ మునగాకు పంపింది, మరొకరు బెల్లం. పోటీ మొదలైంది. ఎవరూ దానం చేయలేదు, ఎవరూ దానం తీసుకోలేదు. అందరూ టైలరు పరువు కాపాడుతున్నారు.

ఆ సెలవుల చివర రంజాన్ నెల వచ్చింది. ఆయన ఉపవాసం. కొట్టు మూస్తాడనుకున్నాం. మూయలేదు. మా తట్ట వైపు వీపు పెట్టి కూర్చుని కాజాలు కుట్టేవాడు. ముద్దలు లెక్కపెట్టి అరవడం మాత్రం ఆపలేదు, వెనక్కి చూడకుండా ఎలా లెక్కపెట్టేవాడో తెలియదు. నీకు వద్దా తాతా అని చెల్లెలు అడిగితే, "నా కొలత సాయంత్రం ఉండాది లే," అన్నాడు.

ఆ జూన్‌లో బడి తెరిచినప్పుడు ప్రతిజ్ఞకు అందరూ చేతులు చాపారు. ప్రహరీ బయట నిలబడి టైలరు తాత చూశాడు. అయివారు పిలవకుండానే వచ్చాడు. నాకు తెలిసి, పని ఉన్న రోజున కొట్టు వదిలి ఆయన వేడుక చూడటానికి రావడం అదొక్కటే.

చెల్లెలి స్కర్టు మడత మాత్రం వెంటనే విప్పలేదు. నెలకొకసారి తను పోవడం, ఆయన దిగమనడం మామూలే. చలికాలం వచ్చాక ఒక పొద్దున కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. తెల్ల టేపు పక్కన పెట్టి మేకుకున్న పసుపుది తీసి దాంతోనూ కొలిచాడు. దొంగలిద్దరూ ఒకే మాట చెప్పారు. అప్పుడు ఆయన పెట్టిన కేకకు కళ్యాణదుర్గం బస్సు ఆగింది. ఎవరో ఎక్కాలేమో అనుకుని డ్రైవరు ఆపాడు. ఎవరూ ఎక్కలేదు. బుడ్డమ్మ మడత విప్పుతున్నామని చెబితే కండక్టరు తిట్టి, తిట్టినాక దిగొచ్చి చూశాడు. దారం తెగింది. ముదురు నీలం పట్టీ బయటపడింది. చెల్లెలు స్టూలు దిగి, మణికట్టుకు దారంతో, బడికి దగ్గరి దారి వదిలిపెట్టి ఊరు చుట్టూ తిరిగి పోయింది.

తను పోయినాక ఆయన నాకేసి చూశాడు. నేను అప్పటికి హైస్కూలు దాటబోతున్నాను. నా ప్యాంటు అంచులో రెండు మడతలూ అలాగే ఉన్నాయి. వంగి వాటిని వేళ్ళతో తడిమి చూసి, "నాకు ఈ టేపు పిచ్చి పట్టేసరికి నీకు ఆలస్యమైపోయిందప్పా," అన్నాడు. వెంటనే సూదులు నోట్లో పెట్టుకుని మిషను తొక్కసాగాడు.

చేతులు వణకడం మొదలయ్యేదాకా ప్రతి వేసవిలోనూ కడుపు నిండినాకే కొలతలు తీశాడు. టేపులను మాత్రం తిట్టడం మానలేదు.

సామానంతా ఆటోకు ఎక్కించాక, సంచిలోంచి నా ఉక్కు స్కేలు తీసి రెండు టేపులనూ దాని పక్కన పరిచాను. పసుపుది సరిగ్గా ఉంది. తెల్లది సరిగ్గా ఉంది. ఇన్నేళ్ళు వాడిన టేపులకు ఉండాల్సిన తేడా కూడా లేదు. దొంగవి కావని జేజికి చెప్పాను.

"తెలుసులే నాయనా. ఆయనకూ తెలుసు. ఎవుర్నో ఒకర్ని తిట్టాల గదా," అంది.

చెల్లెలు అలవాటుగా స్టూలెక్కబోయింది. దిగమన్నాను. చెప్పులు విప్పించి గుమ్మం చెక్కకు ఆనించి నిలబెట్టాను. పసుపు టేపు చివరి రేకును మడమ దగ్గర జేజి పట్టుకుంది, నేను పైకి లాగాను. టేపు నుదుటి దగ్గర అయిపోయింది. కుట్టుపని టేపు అరవై అంగుళాలే ఉంటుంది. మిగిలింది తెల్లదాంతో కొలిచాను. జేజి అరవమంది. అరిచాను.

అరవై మూడున్నర.